ఆరో ఋతువు కోసం పడవెక్కాం

ఋతువులు ఆరని చిన్నప్పుడు బళ్ళో వల్లె వేయించారు. మదరాసు వచ్చాక వాటిని వెతుక్కుంటూ తిరగవలసి వచ్చింది. ఈ ఊళ్ళో ఉక్కపోతా వానా తప్ప మిగతావన్నీ పంచాంగంలోనే ఉంటాయని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఉత్తరాన ఉన్న పులికాట్ సరస్సు చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. మన తెలుగువాళ్ళు ఇంతమంది ఇక్కడ ఉండి, సాయంత్రం బీచికి పోయి ఉడకబెట్టిన శనగలు తిని ఇంటికి రావడమే గానీ, అటు వెళ్ళినవాళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. వెళ్ళనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. ఏ బండి ఎన్నింటికో మాత్రం నన్ను అడక్కండి. అవి నాకెప్పుడూ గుర్తుండవు.

నా సంగతి కొంచెం చెప్పాలి. కోడంబాకంలో ఒక సినిమా కంపెనీలో స్టిల్ ఫొటోగ్రాఫర్ని. సినిమాహాళ్ళ ముందు అద్దాల పెట్టెల్లో మీరు చూసే బొమ్మలు మాబోటివాళ్ళు తీసినవే. ఒకచోట కుదురుగా కూర్చోలేని మనిషిని. భోజనం కూడా సగం నిలబడే చేస్తానని మా ఆవిడ ఫిర్యాదు. ఆవిడ పేరు కామాక్షి. నేను భీమవరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాణ్ణి. ఆవిడది సౌకార్‌పేటలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. మా ఇంట్లో చీకటిగది లేదు. ఫిల్ము కడగాలంటే వంటింటి కిటికీకి దుప్పటి కట్టాలి. ఆ పూట పొయ్యి వెలగదు. నేను దుప్పటి తీసినప్పుడల్లా కామాక్షి మొహం ముడుచుకుని, "మళ్ళా ఉపవాసమా?" అంటుంది. ఆ దుప్పటిని నేను తప్ప ఎవరూ ముట్టుకోరు.

సౌకార్‌పేట

మా మామగారి వీధిలోనే రంగయ్య శెట్టిగారని కేలండర్లు అచ్చువేసే ఆయన ఉన్నారు. కిందటేడు ఆయనకొక ఆలోచన చెప్పాను. ఉగాది కేలండరుకు ఆరు కాగితాలు, రెండేసి నెలలకొక ఋతువు, ఆరింటికీ ఒకే సరస్సు. ఆయన ముక్కుపొడుం పీల్చి నన్ను ఎగాదిగా చూశారు.

"ఏమయ్యా, నీళ్ళని ఎవరన్నా గోడకి తగిలిస్తారా? లక్ష్మీదేవి అయితే పొద్దన్నే ఒక దండమన్నా పెట్టుకుంటారు."

"కొత్తగా ఉంటుందండీ."

"సరి, తీసుకోని రా, చూస్తాం. ఆరూ బాగా కుదిరినాయంటే ఇంక ఏటేటా కేలండరు పని నీదే."

ఆ చివరి మాట పట్టుకుని ఏడాదంతా తిరిగాను. ఏటేటా ఆ పని ఉంటే స్టూడియోకు దండం పెట్టి బయటపడవచ్చు. ఎవరో ఏడిస్తే, ఎవరో నవ్వితే, అదయ్యాక నేను బొమ్మ తీయడం నాకు విసుగు పుట్టి చాలా కాలమైంది. నా బొమ్మ నేను తీసుకోవాలని ఉండేది.

ఐదు కుదిరాయి. వసంతానికి గట్టుమీద పూసిన వేపచెట్టు, గ్రీష్మానికి నెర్రెలిచ్చిన బురద, వర్షానికి నీళ్ళ మీదికి వంగిన మబ్బు, శరత్తుకు రెల్లుపూలు, హేమంతానికి మంచులో కట్టేసిన పడవ. ఇవేవీ పారిపోయేవి కావు. నా వీలు చూసుకుని వెళితే నాకోసం కాచుకుని ఉన్నాయి. ఇక శిశిరం మిగిలింది. పుస్తకాల్లో శిశిరమంటే ఆకులు రాలడం. పులికాట్‌లో మాత్రం పక్షులు దిగడం. మనిషి భుజం దాకా వచ్చే ఎర్రకాళ్ళ పక్షులు మాఘమాసంలో వేలకొద్దీ నీళ్ళలో నిలబడి ఉంటాయి. కొందరు రాజహంసలంటారు, అక్కడివాళ్ళు పూనారలంటారు. మాఘం దాటితే అచ్చుకు బ్లాకులు చేయించడానికి వ్యవధి ఉండదని శెట్టిగారు ముందే చెప్పారు. స్టూడియోలో బతిమాలుకుని మూడు రోజులు సెలవు సంపాదించాను.

రైల్లో పొన్నేరి వెళ్ళి అక్కణ్ణించి బండి ఎక్కడం నా అలవాటు. ఈసారి కామాక్షి అడ్డం తిరిగింది. "ఐదు దపాలూ ఒక్కరే పోయినారు. ఈ దపా నేనూ వస్తా. అదీ పడవలోనే. మా అవ్వ ఆ కాలంలో నెల్లూరికి కాలవ మీదనే పోయేది" అంది. వాళ్ళ మేనమామ కట్టెల అడితికి సరుకు తెచ్చే పడవ ఒకటి ఖాళీగా ఉత్తరానికి పోతోంది. సరేనన్నాను.

వ్యాసర్పాడి దాటేదాకా

బకింగ్‌హాం కాలవ మీద పడవ ఎంత మెల్లగా పోతుందో ఎక్కితే గానీ తెలియదు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టుమీద ఇద్దరు మనుషులు భుజాలకు తాడు వేసుకుని లాగుతారు. వ్యాసర్పాడి రైలు యార్డు పక్కన పోతుంటే ఇంజన్లు మమ్మల్ని దాటి ముందుకూ వెనక్కూ పదిసార్లు పోయాయి. మా పడవ మాత్రం ఒకే గుడిసె ముందు ఉన్నట్టు అనిపించింది. గట్టున బొగ్గు ఏరుకునే ఆడవాళ్ళు కామాక్షిని పలకరించి, పెళ్ళయి ఎన్నాళ్ళయింది, పిల్లలెందరు అని అన్నీ అడిగేశారు. ఆవిడ చెప్పడం పూర్తయింది గానీ పడవ వాళ్ళను దాటనే లేదు.

నేను గట్టుమీదికి దూకి, పడవ కంటే ముందు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, ఇంకోసారి ముందుకు వెళ్ళాను.

"కాలుగాలిన పిల్లి మాదిరి ఎందుకండీ అట్ట తిరగతా ఉండారు? ఈడ వచ్చి కూర్చోండి" అని కామాక్షి పడవలోంచి కేకేసింది.

ఒక ముసలామె గట్టున ఇడ్లీలు అమ్ముతోంది, అర్ధణాకొకటి. మా వైపు ఇడ్లీకి అల్లప్పచ్చడి ఇంత అంటించి ఇస్తారు. ఇక్కడ అడగకుండానే ఇడ్లీ మునిగేలా సాంబారు పోస్తారు. నిలబడి తింటే చొక్కా మీద పడుతుంది. పడింది.

అక్కడే ఒక సంగతి జరిగింది. తాడు లాగే ఇద్దరూ ముందుకు వంగి, కాళ్ళు బురదలో దిగబడుతూ వస్తున్నారు. వెనకనుంచి ఎండ పడి తాడు తీగలా మెరిసింది. అద్భుతంగా ఉంది. కెమెరా చేతిలోనే ఉంది. వాళ్ళు నన్ను దాటిపోయేదాకా చూశాను. దాటాక, "అన్నా, అదే ఇంకోసారి!" అన్నాను.

"ఏంది సామీ, వచ్చిన దారిలో మళ్ళా రావాల్నా?" అని ఒకతను నవ్వాడు. పాపం, వెనక్కి పోయి మళ్ళీ వచ్చారు. ఈసారి ఒకడు తలగుడ్డ సర్దుకున్నాడు, రెండోవాడు కెమెరా వంక చూసి పళ్ళికిలించాడు. మధ్యలో తాడు వదులుగా వేలాడింది. అదే తీశాను.

"మొదటి దపానే తీయాల్సింది గదా?" అని కామాక్షి అడిగింది.

స్టూడియోలో మా పద్ధతి ఆవిడకు చెప్పాను. టేకు నడుస్తున్నంతసేపూ స్టిల్ ఫొటోగ్రాఫర్ ఊపిరి బిగబట్టి నిలబడాలి. కెమెరా క్లిక్‌మంటే ఆ చప్పుడు సౌండులో పడుతుంది, టేకు పాడవుతుంది. డైరెక్టరు కట్ చెప్పాక, ఎవరో "స్టిల్!" అని అరుస్తారు. అప్పుడు హీరోయిన్ అదే ఏడుపు మొహం మళ్ళీ పెడుతుంది, హీరో అదే చెయ్యి మళ్ళీ ఎత్తుతాడు. అప్పుడు మేం తీసుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి టేకు మధ్యలో నొక్కినందుకు నన్ను నలుగురిలో తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కసారీ నొక్కలేదు.

"అయితే మీరు తీసేదంతా రెండో దపా ఏడుపే" అంది కామాక్షి. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ గట్టుమీదికి దూకాను.

ఎన్నూరు

లాకుల దగ్గర పడవ ఆగింది. సముద్రం పోటు వచ్చి నీళ్ళ మట్టం సరిపోతే గానీ తలుపులు తీయరట. ఎంతసేపని అడిగితే లాకు మనిషి ఆకాశం చూసి, నీళ్ళు చూసి, నన్ను చూసి వక్క నమలసాగాడు. చుట్టూ ఉప్పుమళ్ళు. తెల్లటి ఉప్పు కుప్పల మీద తాటాకులు కప్పి ఉన్నాయి. వాటి మధ్య నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.

ఉప్పు ఎత్తే ఒక పెద్దామె నన్ను చూసి చూసి కామాక్షి దగ్గరికి వచ్చి అరవంలో మెల్లగా ఏదో అడిగింది. కామాక్షి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీకు కడుపునొప్పా అని అడగతా ఉంది" అని నాకు చెప్పింది. ఆ పెద్దామె రొంటిన ఉన్న సంచిలోంచి గుప్పెడు వాము తీసి నా చేతిలో పోసి, నమిలి మింగేదాకా కదల్లేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. మా ఊళ్ళో అయితే పరాయి మగవాడి కడుపునొప్పి గురించి ఏ ఆడమనిషీ పట్టించుకోదు. ఇక్కడ ఉప్పు గంప దింపి మరీ వైద్యం చేసింది.

ఆ రాత్రి సత్రంలో పడుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ పడవెక్కాం. దారి పొడుగునా సర్వితోపులు, ఆల్చిప్పల కుప్పలు, సున్నపు బట్టీల పొగ. కామాక్షి పడవ అంచున చెయ్యి పెట్టుకుని వాటన్నిటినీ తీరిగ్గా చూసింది. నేను మాత్రం పొద్దుగూకేలోపు చేరతామా అని పడవ నడిపే సరంగును అడుగుతూనే ఉన్నాను. ఆయన ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాడు: "చేరేప్పటికి చేరతాం సామీ."

పళవేర్కాడు

పులికాట్ అన్నది మనం పలికే పేరు. ఊరివాళ్ళు పళవేర్కాడు అంటారు. చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. నేను వచ్చినప్పుడల్లా దిగేది కోదండం ఇంట్లో. చేపలు పట్టేవాడు, నెల్లూరు తెలుగూ అరవమూ రెండూ మాట్లాడతాడు. వాళ్ళావిడ పీతల పులుసు పెట్టింది. నేను పీతలన్నందుకు కోదండం, కామాక్షి ఒక్కటై నన్ను ఆటపట్టించారు. వాళ్ళకవి ఎండ్రకాయలు. పేరేదైతేనేం, మునగాకు రసంతో కలిపి తింటే నాలాంటివాడు కూడా కూర్చునే భోజనం చేస్తాడు.

"పూనారలు దిగినాయా?" అని అడిగాను.

"ఈ తట్టు తెల్లంగా పరిచినట్టు ఉండాయి సామీ. రేపు పొద్దన్నే తీసకపోతా. రేపు ఒక్క పూటనే, ఎల్లుండి నుంచి మా పాడు."

పాడు అంటే ఏమిటో కామాక్షికి తెలియదు. కోదండం అన్నం కలుపుతూ చెప్పాడు. సరస్సులో చేపలు బాగా పడే చోట్లు కొన్నే ఉన్నాయి. వాటిని ఊళ్ళన్నీ వంతులు వేసుకున్నాయి. మీ వంతు రోజున మీరే వల కట్టాలి, ఇంకొకళ్ళ వంతు రోజున ఆ నీళ్ళలో గడ కూడా వేయకూడదు. పడవ దాటితే చేప బెదురుతుంది. మా వైపు కూడా పొలాలకు కాలవ నీళ్ళు వంతుల ప్రకారమే. కానీ అక్కడ వంతు తప్పి గండి కొట్టేవాళ్ళు, కర్రలు పట్టుకుని కాపలా కాసేవాళ్ళు, చివరికి కోర్టుకెక్కేవాళ్ళు. ఇక్కడ అలా ఎప్పుడైనా జరిగిందా అని అడిగాను. కోదండం వాళ్ళావిడ నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది.

రాష్ట్రాలు విడిపోయాక ఈ సరస్సు కూడా రెండయింది. ఈ కొస మదరాసుకు, ఆ మిగతాది ఆంధ్రకు. పక్షులు పొద్దున ఇక్కడ మేసి మధ్యాహ్నం అక్కడికి పోతాయట. వాటిని అడిగేవాళ్ళు లేరు.

సరస్సు మీద

వెలుగు రాకముందే బయల్దేరాం. కోదండం గడ వేస్తుంటే నీళ్ళు లోతు తగ్గి, పడవ అడుగు బురదకు రాసుకుని ఆగింది. నేను కెమెరా, స్టాండు తీసుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగాను. ఎదురుగా మసక మసగ్గా పొడుగాటి తెల్ల గీత కనిపించింది. కాస్త వెలుగు వచ్చేసరికి ఆ గీతకు కాళ్ళు వచ్చాయి, మెడలు వచ్చాయి. తలలు నీళ్ళలో ముంచి, తలకిందులుగా ముక్కుతో బురద జల్లిస్తూ మెల్లగా నడుస్తున్నాయి. కొన్ని వేలు ఉంటాయి. సంతలో జనం మాదిరిగా గొణుగుడు.

ఇంకా దూరం. నేను రెండడుగులు వేస్తే అవి నాలుగడుగులు వేశాయి. కాలు మార్చి నిలబడితే దగ్గరివి మెడలెత్తాయి. స్టాండు సర్దాను, మళ్ళీ సర్దాను.

"కదలొద్దండీ" అని వెనకనుంచి కామాక్షి గొంతు వచ్చింది, చాలా మెల్లగా. "ఒక్క గడియ కదలకుండా ఉండండి. నా కోసరం."

ఉన్నాను. నిజంగా ఉన్నాను. కాళ్ళ కింద బురద జారుతోంది, ఏదో చేప పిక్కను తాకి పోయింది, దోమలు మెడ మీద వాలాయి. కదల్లేదు. అంతసేపు కదలకుండా నేను నా పెళ్ళి పీటల మీద కూడా కూర్చోలేదు. మెల్లమెల్లగా ఆ గుంపు నావైపు మేస్తూ వచ్చింది. కెమెరా అద్దంలో రెండు మెడలు, పది మెడలు, తర్వాత అద్దం నిండిపోయింది. సూర్యుడు పైకి వచ్చాడు. ఇంకొంచెం దగ్గరికి రానిద్దాం అనుకున్నాను.

అప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందో ఒక గద్ద వాటి మీదుగా వాలుగా పోయింది.

గుంపంతా ఒక్కసారి లేచింది. నీళ్ళ మీద పరుగెత్తి, రెక్కలు విప్పి లేచింది. మూసుకున్నప్పుడు తెల్లగా ఉన్న పక్షులు విప్పేసరికి లోపలంతా కుంకుమ రంగు, అంచున నలుపు. ఆకాశం సగం ఎర్రబడింది. ఆ చప్పుడులో ఇంకేమీ వినపడలేదు. అవి నా తలమీదుగా పోయాయి. రెక్కల గాలి నా మొహానికి తగిలింది.

నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. నా వేలు కెమెరా మీట మీంచి దానంతటదే పక్కకు తప్పుకుంది. చప్పుడు చేయకూడదని. టేకు పాడవకూడదని. ఇన్నేళ్ళుగా ఏం నేర్చుకున్నానో అదే చేశాను. ఎవరో కట్ అంటారని చూశాను.

ఎవరూ అనలేదు. పక్షులు ఉత్తరానికి పోయి సన్నటి గీతై, ఆ గీత కూడా కనపడకుండా పోయింది. నీళ్ళు కదిలి కదిలి నిలిచాయి.

"తీసినారా?" అంది కామాక్షి.

ఆవిడ నా మొహం చూసింది, నా చెయ్యి చూసింది, అర్థమైంది. "అయ్యో" అంది. అవి పోయిన వైపు చూసి, "వాటికి కట్ చెప్పేదానికి ఎవరుండారండీ ఈడ?" అంది. ఎగతాళి చేయలేదు. చేసి ఉంటే బాగుండేది.

కోదండాన్ని వాటి వెనకే పోదామన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. "అవి దిగినచోట ఈరోజు పైఊరోళ్ళ పాడు సామీ. వలలు కట్టి ఉంటారు. మనం పోకూడదు."

"నేను వాళ్ళతో మాట్లాడతాను. వాళ్ళ నష్టం నేనిస్తాను."

"నష్టం గాదు సామీ, వంతు. వంతుని ఎట్ట కొంటారు?"

"పోనీ రేపు?"

"రేపు నాది."

నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. అతని మీద కాదు. ఆ కోపంలో ఎదురుగా ఉన్న ఖాళీ నీళ్ళను ఫిల్ము రోలు అయిపోయేదాకా టకటకా తీసేశాను. బురదలో పక్షుల అడుగులు, తేలుతున్న ఈకలు, ఏం కనపడితే అది. కామాక్షి ఒంగి ఒక ఎర్ర ఈక తీసి తుడిచి కొప్పులో పెట్టుకుంది. పొన్నేరి దాకా బండిలో, అక్కణ్ణించి రైల్లో తిరిగి వచ్చాం. దారిలో నేను ఎక్కడా అటూ ఇటూ నడవలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చునే ఉన్నాను. అది చూసి కామాక్షి భయపడింది.

మళ్ళీ సౌకార్‌పేట

శెట్టిగారు నా బొమ్మలు దీపానికి దగ్గరగా పెట్టి చూశారు. "పక్షులేవీ?"

"లేచిపోయాయండీ."

"నీళ్ళు ఇప్పటికే ఐదు దపాలు తెచ్చినావు గదయ్యా." ఆయన బొమ్మల్ని సర్ది నా చేతికే ఇచ్చారు. అంతలోనే ఆయన మొహం వెలిగింది. "మాఘంలో శివరాత్రి వస్తుంది. ఆ కాగితానికి శివుణ్ణి వేసేస్తాం. బ్లాకు మన దగ్గరే ఉంది."

అలాగే వేశారు. ఐదు ఋతువులు, ఒక శివుడు. ఏటేటా ఇస్తానన్న పని ఊసు ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

కోడంబాకం

శెట్టిగారిని కలిసిన నాలుగు రోజులకు స్టూడియోలో ఏడుపు సీను. హీరోయిన్ కళ్ళలో గ్లిజరిన్ వేసుకుని వచ్చింది. తండ్రి వేషం వేసిన ముసలి నటుడు ఆమె తల నిమరాలి. నిమిరాడు. ఎందుకో తెలియదు, నిమిరిన చెయ్యి తీయకుండా అక్కడే ఉంచేశాడు. ఆమె డైలాగు మరిచిపోయి ఆయన వంక చూసింది. ఏది గ్లిజరినో, ఏది అసలు కన్నీరో తెలియలేదు. ముక్కు ఎర్రబడింది, పెదవి వంకరపోయింది. స్టిల్ కోసం ఆమె మళ్ళీ ఎన్నడూ అలా పెట్టదు.

నా వేలు మీట మీద ఉంది. నొక్కాను.

క్లిక్‌మన్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో చెంబు కిందపడ్డట్టు వినిపించింది. "కట్! ఎవడయ్యా అది?" అని సౌండు గదిలోంచి అరుపు. తర్వాత ఎవరెవరు ఏమన్నారో రాయను. సామాను సర్దుకుని ఇంటికి పొమ్మన్నారు, రేపు కూడా రానక్కర్లేదన్నారు. బస్సు కోసం నిలబడకుండా నడిచే వచ్చాను.

కామాక్షి వసారాలో చేట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. "అప్పుడే వచ్చేసినారే?"

"టేకు మధ్యలో నొక్కాను. పొమ్మన్నారు."

ఆవిడ చెయ్యి చేటలో ఆగింది. నా చేతిలో కెమెరా వంక చూసింది.

"ఎట్ట వచ్చింది?"

"ఇంకా కడగలేదు."

కామాక్షి ఏరిన బియ్యం డబ్బాలో పోసి, కొంగు దులుపుకుని లోపలికి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే చూశాను. పొయ్యిలో నిప్పులు ఆర్పేసి, పీట మీద నిలబడి, వంటింటి కిటికీకి దుప్పటి కడుతోంది.